మా ఊరి హైస్కూల్ బాగుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

ధర్మసాగర్ నీళ్లు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండకు పదిహేను కిలోమీటర్లలోపు ఉండే ఊరు, పేరు రాయడం లేదు, ఎందుకంటే అక్కడి సార్లలో ఇద్దరు నాకు బాగా తెలిసినవాళ్లే. మా పాప ఇప్పుడు టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. ఈ ఏడాది ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, ఆ స్కూల్ వాళ్లే అమ్మే టై, బెల్టు అన్నీ కలిపి 58 వేలు అయింది. ఎనిమిది నుంచి ఫౌండేషన్ కోర్సు అని ఇంకో 15 వేలు కట్టమంటున్నారు. వచ్చే జూన్‌లో చిన్నోడిని ఒకటో తరగతిలో వేయాలి. నేను మెడికల్ షాపులో పనిచేస్తాను, జీతం ఎంతో మీరే ఊహించుకోండి.

మా ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది. నేను చదివింది కూడా అక్కడే, 2003లో పది పాసయ్యాను, అప్పుడంతా తెలుగు మీడియం. పోయినేడాది పదో తరగతిలో నూటికి నూరు శాతం పాస్ అని గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు, అందులో పిల్లల ఫొటోల కంటే నాయకుల ఫొటోలే పెద్దగా ఉన్నాయి. అది చూసి మా ఆవిడ ఇంకేం కావాలి, ఇక్కడే వేద్దాం అంటోంది. పక్కింటాయన మాత్రం వాళ్ల అబ్బాయికి ఆరు నెలలు లెక్కల సారే లేడు అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. ఇక మా నాన్న సంగతి వేరే, మనవరాలు సర్కారు బడికి పోతే ఊళ్లో పరువు పోతుందట. నన్ను అదే బడికి పంపినప్పుడు పోని పరువు ఇప్పుడెట్లా పోతుందో!

అసలు అడిగేది ఏంటంటే, బయటి నుంచి చూసి ఒక గవర్నమెంట్ హైస్కూల్ బాగా నడుస్తోందా లేదా అని ఎట్లా పట్టుకోవాలి? ఫ్లెక్సీని నమ్మాలా, పక్కింటాయన్ని నమ్మాలా? బడికి పోయి అడుగుదామంటే ఏం అడగాలో తెలియదు, నువ్వెవరు మమ్మల్ని చెక్ చేయడానికి అంటారేమోనని మొహమాటం కూడా. తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టాలనుకున్నా తిట్టండి.

పాత చాక్‌పీస్:

తమ్ముడూ, నేను పక్క మండలంలో లెక్కలు చెప్తాను, స్కూల్ అసిస్టెంట్‌ని, పందొమ్మిదేళ్ల సర్వీసు. నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, అది తీసేసుకుని చదువు.

ముందు ఫ్లెక్సీ సంగతి. నూటికి నూరు అంటే ఎంతమందిలో? పదకొండు మంది రాసి పదకొండు మంది పాసైనా అదే ఫ్లెక్సీ, ఎనభై మంది రాసినా అదే ఫ్లెక్సీ. పైగా 2025లో రాష్ట్రం మొత్తం మీదే 92.78 శాతం పాసయ్యారు, మన ఉమ్మడి జిల్లాలోదే అయిన మహబూబాబాద్ 99.29 శాతంతో ఫస్ట్ వచ్చింది. ఇంతమంది పాసవుతున్నప్పుడు పాస్ శాతం చూసి ఈ బడికీ ఆ బడికీ తేడా ఏం తెలుస్తుంది? ప్రతి పేపర్లో 20 మార్కులు ఇంటర్నల్, అవి మేమే వేస్తాం. మిగతా 80లో 28 వస్తే పాస్. వెనకబడ్డ పిల్లాడికి ఆ 28 ఎట్లా తెప్పించాలో మాకు బాగా తెలుసు. దొంగదారి ఏం కాదు, తప్పకుండా వచ్చే ప్రశ్నలు, గ్రాఫులు, పటాలు పట్టుకుని సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి అవే రుద్దుతాం. అది తప్పని నేను అనను, ఆ పిల్లాడికి పది పాస్ కావడం పెద్ద సంగతి. కానీ మీ పాప లాంటి పిల్లకు ఆ బడి ఏమిస్తుందో ఆ నూరు శాతం చెప్పదు.

ఇంకో మాట చెప్తా, మా వాళ్లు చదివితే కోపం రావొచ్చు. హైస్కూల్లో అందరి కళ్లూ పదో తరగతి మీదే. ఎంఈఓ వచ్చినా, డీఈఓ మీటింగ్ పెట్టినా అడిగేది పది గురించే. పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు పదికే. ఒక సారు సెలవు పెడితే ఎనిమిదో తరగతి పీరియడ్ పోతుంది గానీ పదో తరగతి పీరియడ్ పోదు. నేనూ అట్లాగే చేశాను, చేస్తున్నాను. మీ పాప వచ్చేది ఎనిమిదిలోకి కదా, అందుకే పదిని వదిలేసి ఎనిమిది, తొమ్మిది తరగతులు చూడు.

ఎట్లా చూడాలంటే నోటు పుస్తకాలు అడుగు. మీ వీధిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఉంటారు కదా, ముగ్గురివి లెక్కలు, ఫిజికల్ సైన్స్ నోట్సు తీసుకుని తేదీలు చూడు. జూన్ 12న బడి మొదలైతే జూలైలో ఏం చేశారు, నవంబర్లో ఏం చేశారు, మధ్యలో నెల నెలన్నర ఖాళీ ఉందా. ఎర్ర ఇంకు పడిందా, పడితే ఊరికే సంతకమా, లేక తప్పు దగ్గర గుండ్రం చుట్టి పక్కన ఏమన్నా రాశారా. ముగ్గురి నోట్సులోనూ అక్షరం తేడా లేకుండా ఒకే తప్పు ఉంటే బోర్డు మీద నుంచో గైడు నుంచో ఎక్కించుకున్నారని అర్థం. ఇందులో మేం ఏదీ దాచలేం.

రెండోది పోస్టులు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయోసైన్స్, సోషల్, ఈ ఏడింటికీ మనిషి ఉన్నాడా అని ఒక్కొక్కటిగా అడుగు. మొత్తం ఎంతమంది టీచర్లు అని మాత్రం అడగకు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి, చిన్న బడుల్లో ఆ లెక్క బ్రహ్మాండంగా సరిపోతుంది, కానీ లెక్కల సారు ఖాళీగా ఉండి సోషల్‌కు ఇద్దరు ఉన్నా ఆ లెక్క సరిపోయినట్టే చూపిస్తుంది. పోస్టులో మనిషి ఉన్నాడంటే ఆ మనిషి బడిలోనే ఉన్నాడా అని కూడా అడగాలి. డెప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తూ ఉండొచ్చు, కాగితంలో మాత్రం ఇక్కడే కనిపిస్తాడు.

మీ పక్కింటాయన చెప్పింది ఏ ఏడాది సంగతి? 2024 జూన్, జూలైలో ప్రమోషన్లు, బదిలీలు పెద్దఎత్తున జరిగాయి, బడులకు బడులే మారిపోయాయి. అదే అక్టోబర్లో డీఎస్సీ కొత్త టీచర్లు వచ్చారు, 11,062 పోస్టుల నోటిఫికేషన్ అది. కాబట్టి అంతకుముందు ఆ బడి గురించి విన్నది, మంచైనా చెడైనా, సగానికి సగం పాతబడిపోయింది.

చౌరస్తా అమ్మ:

సార్ చెప్పింది బాగుంది కానీ మగవాళ్లు ఒకటి మర్చిపోతారు. అన్నా, ఆడపిల్లను వేస్తున్నారు, ముందు టాయిలెట్ చూడండి. నేను మా అమ్మాయిని రెండేళ్ల కింద ప్రైవేటు నుంచి తీసి సర్కారు బడిలోనే ఎనిమిదిలో వేశాను. అన్నీ అడిగాను, ఇది అడగలేదు. బిల్డింగ్ కొత్తది, రంగులు వేశారు, టాయిలెట్లకు టైల్స్ కూడా వేశారు. మొదటి వారంలోనే తెలిసింది పైన ట్యాంకుకు నీళ్లు ఎక్కడం లేదని. మా అమ్మాయి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండేది, సాయంత్రం ఇంటికి వచ్చి పరిగెత్తేది. నెలకు రెండు రోజులు బడి మానేది. దీన్ని ఏ రిపోర్టులో రాస్తారు? అటెండెన్స్‌లో గైర్హాజరు అని పడుతుంది, అంతే.

తర్వాత మేం నలుగురం తల్లులం పోయి పెద్దసారుతో మాట్లాడాం. ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి కదా, మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్, ఆమె మా వాడకట్టే. మోటారు బాగు చేయించారు. ఊడ్చే మనిషికి జీతం ఎవరిస్తారన్న పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.

ఇంటర్వెల్ టైంలో వెళ్లండి. ఇప్పుడు ఒంటిపూట బడులు, ఎనిమిదికే మొదలవుతుంది, పన్నెండున్నరకు అన్నం పెట్టి పంపిస్తారు. ఆ అన్నం టైం దాకా కూడా ఉండండి. పిల్లలు తింటున్నారా, డబ్బా తెచ్చుకుంటున్నారా చూడండి. సన్నబియ్యమే, వారానికి మూడు గుడ్లు. కానీ వండే ఆమెకు బిల్లులు నెలల తరబడి రాకపోతే పప్పు నీళ్లలాగే ఉంటుంది, ఆమెనని ఏం లాభం, ఆమె అప్పు తెచ్చి వండుతోంది. సార్లు కూడా అదే అన్నం తింటుంటే మంచి గుర్తు అని నా లెక్క.

ఇంగ్లిష్ గురించి నిజం చెప్తా. చేరిన కొత్తలో మా అమ్మాయే క్లాసులో ఇంగ్లిష్ బాగా మాట్లాడేది, సార్లు మెచ్చుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి మాట్లాడటం తగ్గింది. పేరుకు ఇంగ్లిష్ మీడియమే, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది, క్లాసులో చెప్పేదంతా తెలుగులోనే. అయితే ఒక మంచి కూడా జరిగింది, సైన్స్ మొదటిసారి అర్థమై చదివింది. ముందు బడిలో ఫొటోసింథసిస్ నిర్వచనం గడగడా చెప్పేది, ఇంటి ముందు చెట్టుకూ దానికీ సంబంధం ఏంటంటే చెప్పలేకపోయేది. ఇప్పుడు వంటింట్లో నన్ను పట్టుకుని ప్రశ్నలు వేస్తోంది. మీకు ఏది కావాలో మీరే అనుకోవాలి. ఇంగ్లిష్ మాట్లాడటం కోసం మేం ఇంట్లో పేపర్ చదివిస్తున్నాం.

కాజీపేట జంక్షన్:

అందరూ తీపి మాటలే చెప్తున్నారు, చేదు నేను చెప్తా. మా వాడిని తొమ్మిదిలో వేసి డిసెంబర్లో మళ్లీ తీసేశాను. ఫిజికల్ సైన్స్ సారు డెప్యుటేషన్ మీద పోయాడు, బయోసైన్స్ మేడమే రెండూ చూసుకుంది, ఆమె తప్పు లేదు, పాపం ఎంతని చేస్తుంది. టీవీ లాంటి పెద్ద బోర్డు పెట్టారు, దాని మీద వీడియోలు. సారు లేని రోజు వీడియో, సారు ఉన్న రోజు కూడా ఇంకో పని పడితే వీడియో. సగం ఏడాది పోయాక మళ్లీ ప్రైవేటులో పూర్తి ఫీజు కట్టాను. అందుకే చెప్తున్నా, ప్రయోగాలు చేయాలనుకుంటే ఎనిమిదిలోనే చేయండి, తొమ్మిది, పదిలో వద్దు.

ఇంకో దారి ఉంది, మోడల్ స్కూల్. ఆరులోకి ఎంట్రన్స్ ఉంటుంది, ఏడు నుంచి పది దాకా ఖాళీలు ఉంటే వాటికీ పరీక్ష పెడతారు. ఈ ఏడాదికి టైం దాటిపోయి ఉండొచ్చు, వచ్చేసారి నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి.

పాత చాక్‌పీస్:

జంక్షన్ అన్నా, మీకు జరిగింది నిజం, ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి, నేను కాదనను. వీడియో గురించి మాత్రం ఒక మాట. మీరు చెప్పిన ఆ పెద్ద బోర్డు, మేం ప్యానెల్ అంటాం, దాని మీద మంచి పాఠాలే ఉంటాయి, అయిదు నిమిషాలు చూపించి ఆపి, ఇప్పుడేం జరిగింది అని అడిగే సారు ఉంటే అది బంగారం. ఆపేవాడు లేకపోతే సినిమా. అందుకే బడిలో ప్యానెల్ ఉందా అని కాదు, ఎవరు ఆపుతారు అని చూడాలి.

త్రిబుల్ ఐటీ బాసర సీనియర్:

నేను పరకాల దగ్గర జెడ్పీ హైస్కూల్లో చదివి బాసర వెళ్లినవాణ్ని. అన్నా, ఫోన్లోనే సగం పని అయిపోతుంది. బడుల వివరాలు పెట్టే గవర్నమెంట్ సైట్ యూడైస్ ప్లస్‌లో నో యువర్ స్కూల్ అని ఉంటుంది, జిల్లా, మండలం పెట్టి బడి పేరు వెతికితే తరగతి వారీగా ఎంతమంది పిల్లలు, టీచర్లు ఎంతమంది, టాయిలెట్లు, లైబ్రరీ, కంప్యూటర్లు అన్నీ వస్తాయి. అక్క చెప్పినట్టు అందులో టాయిలెట్ ఉంది అనే ఉంటుంది, నీళ్లు ఎక్కుతున్నాయా అని ఉండదు, కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మొద్దు. కానీ ఒకటి బాగా పనికొస్తుంది. రెండు మూడేళ్ల సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆరులో 40 మంది చేరి, అదే బ్యాచ్ తొమ్మిదికి వచ్చేసరికి 22 అయితే ఆ 18 మంది ఎటు పోయారో కనుక్కోండి. ఊరి వాళ్లు పిల్లల్ని తీసేస్తున్నారంటే ఏదో కారణం ఉంటుంది. గురుకులాల్లో సీటొచ్చి పోతే అది వేరే సంగతి, దాన్ని బడి తప్పు అనలేం.

నా లెక్కలో ఇంకో మంచి గుర్తు ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాసే స్కాలర్‌షిప్ పరీక్ష, గవర్నమెంట్, లోకల్ బాడీ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000. ఇందులో మెంటల్ ఎబిలిటీ ఉంటుంది కాబట్టి బట్టీ పడితే రాదు, ఎవరో ఒక సారు కూర్చోబెట్టి చేయించాలి, అదీ పదో తరగతి కాని పిల్లలకు. పైనుంచి ఒత్తిడి లేకపోయినా చేసే సారు ఉన్న బడి మంచిదే. ఎంతమందికి వచ్చింది అని ఒక్కటే కాదు, ఎంతమంది రాశారు అని కూడా అడగండి. మా బడిలో నలభై మందిలో ఆరుగురితోనే రాయించారు, మిగతావాళ్లకు అలాంటి పరీక్ష ఉందని కూడా తెలియదు, నేను ఆ ఆరుగురిలో ఉన్నాను కాబట్టి సరిపోయింది. మీ పాప ఎనిమిదిలోనే చేరుతోంది కాబట్టి అర్హత, ఆదాయ పరిమితి వివరాలు జూన్‌లోనే హెచ్‌ఎంను అడిగి పెట్టుకోండి.

బాసర గురించి కూడా చెప్తా, ఎందుకంటే చాలామంది దీని కోసమే సర్కారు బడిలో వేస్తున్నారు. పదో తరగతి మార్కులతోనే సీటు, హాస్టల్ లేని గవర్నమెంట్ బడుల పిల్లలకు జీపీఏ ఉన్న రోజుల్లో 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. కానీ దాని కోసమే బడి మార్చకండి. అక్కడికి వచ్చాక మొదటి సెమిస్టర్లో లెక్కలు రాక ఏడ్చినవాళ్లను చూశాను, అందులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

లైబ్రరీ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా అడగండి. మా దగ్గర పీఈటీ సార్ దగ్గర ఉండేది, ఆయన వాలీబాల్‌తో పాటు పుస్తకాలూ ఇచ్చేవాడు.

ధర్మసాగర్ నీళ్లు:

అందరికీ థ్యాంక్స్. వారం పట్టింది. సార్ చెప్పినట్టే ముందు నోట్సు తెప్పించాను, మా వీధిలో ఇద్దరివే దొరికాయి. లెక్కల నోట్సు చూసి ఆశ్చర్యపోయాను, ప్రతి పది రోజులకూ దిద్ది ఉంది, ఒకచోట ‘ఈ మెట్టు ఎందుకు రాశావు, రేపు చెప్పు’ అని ఉంది. ఆ లెక్కల సార్ 2024 అక్టోబర్లో వచ్చాడట. పక్కింటాయన కొడుకు చదివింది అంతకు ముందు ఏడాది, అంటే ఇద్దరు చెప్పిందీ నిజమే. ఫిజికల్ సైన్స్ నోట్సులో మాత్రం దసరా తర్వాత నెల రోజులు ఖాళీ. ఎందుకని పెద్దసారును అడిగితే ఆ టీచర్ మెటర్నిటీ లీవ్‌లో ఉందని, బదులు ఎవరినీ ఇవ్వలేదని చెప్పాడు, దాచలేదు. హిందీ పోస్టు ఖాళీ.

నేను భయపడ్డట్టు ఎవరూ కసురుకోలేదు. అడిగే తండ్రులు రారు, ఫోన్లో తిట్టేవాళ్లే ఎక్కువ అని పెద్దసారు టీ తెప్పించాడు. ఎన్‌ఎంఎంఎస్ అడిగాను, ఎనిమిదో తరగతి 31 మందిలో 12 మంది రాశారు, ఇద్దరికి వచ్చింది. లైబ్రరీకి తాళం ఉంది, తాళంచెవి ఎక్కడుందో వెతకడానికి పది నిమిషాలు పట్టింది, దాన్ని బట్టి మీరే అర్థం చేసుకోండి. పాపను కూడా తీసుకుపోయాను. చౌరస్తా అమ్మ చెప్పిన టాయిలెట్ల సంగతి పాపనే చూసి రమ్మన్నాను, మూడింటిలో ఒకదానికి తాళం, రెండింటిలో నీళ్లు వస్తున్నాయి, గడియ మాత్రం ఒకదానికే ఉంది అని వచ్చి చెప్పింది. గడియ నేనే పెట్టిస్తానన్నాను.

వేద్దామనే అనుకుంటున్నాం. హిందీకి మా చెల్లెలు ఉంది. మా నాన్న ఇంకా ముభావంగానే ఉన్నాడు. ఇప్పుడు కొత్త చిక్కు, ప్రైవేటు స్కూల్ వాళ్లు మిగిలిన 9 వేలు కడితేనే టీసీ ఇస్తామంటున్నారు. నాకు జూలైలో గానీ సర్దుబాటు కాదు. అప్పటిదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టాలా?

పాత చాక్‌పీస్:

అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చూడు, టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకపోవడానికి వీల్లేదు, ఎనిమిదో తరగతి ఆ చట్టం కిందికే వస్తుంది. జూన్ 12న బడిబాట టైంలోనే ఆధార్, పాప పాత ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని పో, పెద్దసారు చేర్చుకుంటాడు. కాకపోతే ఆన్‌లైన్‌లో పాప వివరాలు పాత బడి వాళ్లు వదలాలి, లేకపోతే మా హాజరులో పేరు ఎక్కదు. ప్రోగ్రెస్ కార్డు మీద పెన్ నంబర్, అంటే ఆన్‌లైన్‌లో ప్రతి పిల్లకూ ఇచ్చే శాశ్వత నంబర్, ఉందేమో చూడు, ఉంటే అది రాసి పెట్టుకుని పాత బడికి ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకో. వదలకపోతే ఆ రసీదుతో ఎంఈఓ ఆఫీసుకు పోవచ్చు. బాకీ సంగతి నువ్వూ వాళ్లూ తేల్చుకోండి, దాన్ని పిల్ల చదువుకు ముడిపెట్టనీయకు.

చౌరస్తా అమ్మ:

ఆ గడియ జూన్ కంటే ముందే పెట్టించండి అన్నా. మూడింటికీ.